ఎల్ఎం13700 క్వాడ్రేచర్ వీసీఓ: ఏళ్ల వాడకం తర్వాత సమీక్ష

మాడ్యులర్ సింథ్‌లో, అంటే విడి మాడ్యూళ్లను వైర్లతో కలిపి వాడే సింథసైజర్‌లో, ఒకే ఫ్రీక్వెన్సీలో, వేర్వేరు ఫేజ్‌లలో శుభ్రమైన సైన్‌లు కావాలంటే ఎల్ఎం13700 ఒక్క చిప్ చాలు. అందులోని రెండు ఓటీఏలూ (ఇన్‌పుట్ వోల్టేజీని కరెంట్‌గా మార్చే ఆంప్లిఫయర్లు, బయాస్ కరెంట్‌తో వాటి గెయిన్ మారుతుంది) కెపాసిటర్లతో కలిసి ఇంటిగ్రేటర్లుగా పనిచేస్తాయి. మొదటిది కొసైన్‌ను ప్లస్ ఇన్‌పుట్‌లో తీసుకుని సైన్ ఇస్తుంది, రెండోది ఆ సైన్‌ను మైనస్ ఇన్‌పుట్‌లో తీసుకుని కొసైన్ ఇస్తుంది. మధ్యలో సిగ్నల్‌ను తలకిందులు చేసే ఇన్వర్టర్ అక్కర్లేదు. సైన్, కొసైన్‌ల మధ్య ఉండే 90 డిగ్రీల ఫేజ్ తేడానే క్వాడ్రేచర్ అంటారు. చాలాకాలంగా ±12 వోల్టుల ర్యాక్‌లో నడుస్తున్న ఈ సర్క్యూట్ మీద నా అభిప్రాయం ఇది: ఎల్‌ఎఫ్‌ఓగా (మాడ్యులేషన్‌కు వాడే నెమ్మది ఆసిలేటర్‌గా), ఫేజ్ పనులకు చాలా మంచిది. రాగం పలికించే వీసీఓగా (వోల్టేజీతో శ్రుతి మారే ఆసిలేటర్‌గా) మాత్రం దీనికి అదనపు చాకిరీ తప్పదు.

విలువలు చెబుతాను. ప్రతి ఇన్‌పుట్‌కూ 100 కె (కిలోఓమ్‌లు), అక్కడి నుంచి గ్రౌండ్‌కు 220 ఓమ్‌లు. 5 వోల్టుల సిగ్నల్ ఓటీఏ దగ్గరికి వచ్చేసరికి 11 మిల్లీవోల్టులవుతుంది, వక్రీకరణ శాతంలో చిన్న భాగం దాటదు. 220 బదులు 1 కె పెడితే నాయిస్ తగ్గుతుంది కానీ సైన్ ఆకారం పాడవుతుంది. కెపాసిటర్లు 1 నానోఫారడ్ ఫిల్మ్‌వి. ఒక్కో ఓటీఏకు 500 మైక్రోఆంపుల బయాస్ ఇస్తే సుమారు 3.3 కిలోహెర్ట్జ్ వస్తుంది. ఎల్‌ఎఫ్‌ఓ రేంజ్‌కు స్విచ్‌తో 1 మైక్రోఫారడ్ ఫిల్మ్ కెపాసిటర్లు కలపాలి. బఫర్లుగా టీఎల్072 ఆప్‌ఆంప్ వాడాను. చిప్‌లోని డార్లింగ్టన్ బఫర్లు రెండు జంక్షన్ల మేర, అంటే 1.2 వోల్టులకు పైగా కిందికి లాగుతాయి. సీవీని (కంట్రోల్ వోల్టేజీని) బయాస్ కరెంట్‌గా మార్చే ఎక్స్‌పోనెన్షియల్ కన్వర్టర్ పీఎన్పీ ట్రాన్సిస్టర్ల జంటది. దాని కలెక్టర్‌కూ రెండు బయాస్ పిన్‌లకూ మధ్య 10 కె ఉంటే మొత్తం కరెంట్ 1.1 మిల్లీఆంప్ దగ్గర ఆగుతుంది, సీవీ ఎంత పెంచినా చిప్ కాలిపోదు.

90 డిగ్రీల గురించి బెంగపడక్కర్లేదు. అది ఇంటిగ్రేషన్ స్వభావంలోనే ఉంది. కెపాసిటర్లు 10 శాతం తేడాగా ఉన్నా ఫేజ్ చెక్కుచెదరదు, రెండు అవుట్‌పుట్‌ల ఎత్తుల్లో మాత్రం సుమారు 5 శాతం తేడా వస్తుంది. స్కోప్‌ను ఎక్స్-వై మోడ్‌లో పెట్టి చూడండి. నిటారుగా సాగిన దీర్ఘవృత్తం కనిపిస్తే ఎత్తుల తేడా, ఒరిగి ఉంటే ఫేజ్ తప్పు, అంచులు బల్లపరుపుగా ఉంటే ఎత్తును అదుపు చేసే లిమిటర్ గట్టిగా నొక్కుతోందని అర్థం.

అసలు కష్టమంతా ఆ వృత్తాన్ని ఒకే సైజులో నిలబెట్టడంలో ఉంది. డోలనం చచ్చిపోకుండా రెండో ఓటీఏ ప్లస్ ఇన్‌పుట్‌కు దాని అవుట్‌పుట్ నుంచే 4.7 మెగాఓమ్‌లతో కాస్త పాజిటివ్ ఫీడ్‌బ్యాక్ ఇవ్వాలి. ఈ రెసిస్టర్‌ను నేరుగా కెపాసిటర్‌కు కలపొద్దు. అలా చేస్తే ఫీడ్‌బ్యాక్ ఫ్రీక్వెన్సీతో పాటు మారదు, కింది నోట్లలో సైన్ చతురస్రంలా తయారవుతుంది, పై నోట్లలో ఆగిపోతుంది. ఓటీఏ గుండా వెళ్తే అన్ని ఆక్టేవ్‌లలోనూ నిష్పత్తి ఒకేలా ఉంటుంది. లిమిటర్ కూడా అదే దారిలో, కానీ మైనస్ ఇన్‌పుట్‌కు వెళ్లాలి. అక్కడ 4.3 వోల్టుల జెనర్లు పనికిరావు. మైక్రోఆంపుల్లో అవి రాసిన వోల్టేజీకి చాలా ముందే కారడం మొదలుపెడతాయి. మూడు ఎర్ర ఎల్‌ఈడీలు సిరీస్‌లో ఒకవైపు, మరో మూడు ఎదురువైపు, వాటికి సిరీస్‌లో 100 కె పెట్టండి. ఎత్తు నాలుగున్నర వోల్టుల చుట్టూ స్థిరపడుతుంది, మిగతాది అవుట్‌పుట్ ఆప్‌ఆంప్ చూసుకుంటుంది.

4.7 మెగాఓమ్‌లతో సైన్ శుభ్రంగా ఉంటుంది కానీ డోలనం పుంజుకోవడం మహా నెమ్మది. 10 మిల్లీవోల్టుల నుంచి పూర్తి ఎత్తుకు సుమారు 90 సైకిళ్లు పడుతుంది. ఆడియోలో అది తెలియదు. 0.1 హెర్ట్జ్‌లో అయితే పావుగంట! ఇది పాడైపోయిందనుకుని విప్పేవాళ్లు ఉంటారు. ఎల్‌ఎఫ్‌ఓ రేంజ్ స్విచ్‌లోనే ఇంకో పోల్ తీసుకుని 470 కె కలిపితే తొమ్మిది సైకిళ్లలో లేస్తుంది. వక్రీకరణ పెరుగుతుంది కానీ మాడ్యులేషన్‌లో అది ఎవరికీ పట్టదు.

ఎల్‌ఎఫ్‌ఓలో ఇంకో చికాకు డీసీ ఆఫ్‌సెట్. ఓటీఏ ఇన్‌పుట్‌లో 1 మిల్లీవోల్ట్ తేడా ఉంటే అవుట్‌పుట్ దాదాపు 0.45 వోల్ట్ పక్కకు జరుగుతుంది. ప్రతి ఓటీఏకూ ±12 మధ్య 100 కె ప్రీసెట్ (స్క్రూడ్రైవర్‌తో తిప్పే చిన్న పొటెన్షియోమీటర్), దాని మధ్య కాలు నుంచి 220 ఓమ్‌ల దగ్గరికి 1 మెగాఓమ్ పెడితే ±2.6 మిల్లీవోల్టుల సర్దుబాటు దొరుకుతుంది. ఒకటి గుర్తుంచుకోండి: మొదటి ఓటీఏ ఆఫ్‌సెట్ కొసైన్‌లో కనిపిస్తుంది, రెండోదానిది సైన్‌లో. ఇది తెలియకపోతే ప్రీసెట్ ఎంత తిప్పినా చూస్తున్న అవుట్‌పుట్ కదలదు.

ఇక శ్రుతి. కన్వర్టర్‌లో 54.9 కె, దాని కింద 3300 పీపీఎం టెంప్‌కో (వేడితో విలువ పెరిగే రెసిస్టర్) 1 కె పెట్టి, ఆ టెంప్‌కోను ట్రాన్సిస్టర్ జంటకు అంటిస్తే ఆక్టేవ్‌కు ఒక వోల్ట్ స్కేల్ నిలబడుతుంది. కానీ ఓటీఏ గెయిన్ కూడా డిగ్రీకి 0.33 శాతం పడిపోతుంది, దాన్ని ఈ టెంప్‌కో పట్టించుకోదు. డిగ్రీకి 5.7 సెంట్లు (సెంట్ అంటే సెమీటోన్‌లో నూరో వంతు), పది డిగ్రీలకు సగం సెమీటోన్ దాటుతుంది. మే నెలలో విజయవాడలో ఏసీ లేని గదిలో పొద్దున శ్రుతి చేసింది మధ్యాహ్నానికి దిగిపోవడం ఖాయం. రిఫరెన్స్ కరెంట్ ఇచ్చే ఆప్‌ఆంప్ ఫీడ్‌బ్యాక్‌లో రెండో టెంప్‌కో పెట్టి, దాన్ని 13700కు అంటిస్తే చాలావరకు సరిపోతుంది. బాస్, లీడ్ వాయించే ఉద్దేశం లేకపోతే ఈ ఖర్చు వద్దు.

మిగతా ఫేజ్‌లకు కొత్త ఆసిలేటర్ కోర్ అక్కర్లేదు. రెండు ఇన్వర్టర్లతో 180, 270 వస్తాయి. 120 కోసం 100 కె ఫీడ్‌బ్యాక్ ఉన్న ఇన్వర్టింగ్ సమ్మర్‌కు (సిగ్నళ్లను కలిపి తలకిందులు చేసే ఆప్‌ఆంప్‌కు) సైన్‌ను 200 కెతో, ఇన్వర్ట్ చేసిన కొసైన్‌ను 115 కెతో ఇవ్వాలి. మామూలు కొసైన్ ఇస్తే 240. ఇక్కడే మ్యాచింగ్ విలువ తెలుస్తుంది, 5 శాతం ఎత్తు తేడా 120ని 118.8 చేస్తుంది. రెసొనెన్స్‌తో మోగే నాలుగు పోల్ ఫిల్టర్ నుంచి కూడా 45 డిగ్రీల మెట్లు తీయొచ్చు కానీ ప్రతి మెట్టుకూ ఎత్తు 0.707 వంతుకు తగ్గుతుంది, సీవీ మారుతుంటే దాన్ని నమ్ముకోలేం. సోల్డరింగ్ ఓపిక లేనివారికి డోప్ఫర్ కంపెనీ రెడీమేడ్ మాడ్యూల్ ఎ-143-9 ఉంది, అందులో నాలుగు ఫేజ్‌లూ సిద్ధంగా ఉంటాయి. మూడు ఫేజ్‌లు కావాలంటే దాని పక్కన కూడా పైన చెప్పిన సమ్మర్ కట్టుకోవాల్సిందే.