గుత్తి దగ్గర పాస్టర్ల విశ్రాంతి కూడిక: చిన్న సంఘాల అయ్యగార్లు, పాస్టరమ్మలు వెళ్ళి రండి

ముందే చెప్పేస్తున్నాను, బాగుంది, వెళ్ళండి. గదులు, భోజనం, ఖర్చు, లోపాలు అన్నీ కింద రాస్తాను. కానీ పల్లెలో 30, 40 మంది ఉన్న సంఘాన్ని ఒక్కడే మోస్తూ అలసిపోయిన సేవకుడి భార్య ఎవరైనా ఇది చదువుతుంటే, మిగతాది తర్వాత చదువుకోవచ్చు, ముందు మీ ఇద్దరి పేర్లు రాయించండి.

దీన్ని పెద్ద మిషన్ ఏదీ నడపడం లేదు. సేవ నుంచి రిటైరైన ఒక పాస్టర్ గారు, ఆయన భార్య, వాళ్ళకు తోడుగా రెండు మూడు కుటుంబాలు, అంతే. ప్రచారం వద్దంటారు కాబట్టి పేర్లు రాయను, గుత్తి చుట్టుపక్కల సంఘాల్లో అడిగితే చెప్తారు. చోటు మాత్రం కడప, కర్నూలు, అనంతపురం వైపు వాళ్ళందరికీ అనుకూలమే. గుత్తి జంక్షన్‌కు కడప, తాడిపత్రి వైపు నుంచి రైళ్ళున్నాయి, కర్నూలు వాళ్ళు డోన్ మీదుగా రావచ్చు, అనంతపురం నుంచైతే హైవే మీద బస్సు. సోమవారం మధ్యాహ్నం మొదలై గురువారం పొద్దున టిఫిన్‌తో అయిపోతుంది. ఆదివారం ఆరాధన పోదు, శుక్రవారం ఉపవాస ప్రార్థనకు ఇంట్లో ఉంటాం. ఈ ఒక్క ఏర్పాటు చూస్తేనే చిన్న సంఘం కష్టం తెలిసినవాళ్ళు పెట్టారని అర్థమవుతుంది, ఎందుకంటే మాలాంటి వాళ్ళకు ఆదివారం మన బదులు వాక్యం చెప్పే మనిషి దొరకడు.

మా సంఘం తాడిపత్రి వైపు పల్లెలో ఉంది, మా ఆయనే అక్కడి పాస్టర్. వాన లేక శెనక్కాయ పంట పోయిన ఏడు సగం మంది బెంగళూరుకు పనికి పోతారు, మందిరంలో ముసలివాళ్ళు, పిల్లలు మిగులుతారు. కానుకల సంగతి వేరే చెప్పక్కర్లేదు. అయినా పెళ్ళి సంబంధానికి, చావుకు, అన్నదమ్ముల తగాదాకు, రాత్రిపూట బత్తలపల్లి ఆసుపత్రికి తోడు వెళ్ళడానికి, అన్నిటికీ అయ్యగారే కావాలి. సీఎస్‌ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) లాంటి పెద్ద సంఘాల్లో జీతం, బదిలీ, రిటైర్‌మెంట్ అని ఉంటాయి, స్వతంత్రంగా నడిచే మా సంఘాలకు అవేవీ లేవు. అక్కడికి వెళ్ళేముందు మా ఆయన పోయిన ఏడాది నుంచి సరిగా నిద్రపోయేవారు కాదు. ఆదివారం ప్రసంగం కోసం బైబిలు తెరిచి ఒకే పేజీ ముందు చాలాసేపు ఊరికే కూర్చునేవారు. ఎవరితో చెప్పుకోవాలి? విశ్వాసులతో చెబితే వాళ్ళు కుంగిపోతారు, పక్క ఊరి పాస్టర్లతో చెబితే ఆ మాట ఏ రూపంలో తిరిగొస్తుందో తెలియదు.

ఇంతకుముందు ఒక సేవకుల సదస్సుకు వెళ్ళాం, ఎవరిదన్నది ఇక్కడ అనవసరం. పొద్దున ఆరు నుంచి రాత్రి పది దాకా ప్రసంగాలే. సంఘం పెరగలేదంటే నీ ప్రార్థనలోనే లోపం ఉందని వచ్చిన ప్రతి వక్తా తేల్చేశాడు. మా ఆయన వెళ్ళినప్పటికంటే నీరసపడి ఇంటికొచ్చారు. గుత్తిలో మొదటి రోజు అసలు మీటింగే లేదు. తిని పడుకోమన్నారు. మరుసటి రోజు పొద్దున కూడా ఎవరూ గంట కొట్టి లేపలేదు, మా ఆయన ఎనిమిది దాటాక లేచారు. మా ఇంట్లో అది జరిగే పని కాదు.

రెండో రోజు ఆ పెద్ద అయ్యగారు, ఆయన భార్య ఒక్కో జంటతో విడిగా కూర్చుంటారు. ఎంతసేపైనా వింటారు, మధ్యలో వాక్యం అందుకోరు, ఏదీ రాసుకోరు, ఇక్కడి మాట గేటు దాటదని ముందే చెప్తారు. మా ఆయన ఏమన్నారో నేను రాయను. చివర్లో పెద్ద అయ్యగారు రెండు చోట్ల చదివించారు. సంఖ్యాకాండము 11లో ఈ జనాన్ని ఒక్కడినే మోయలేను, నన్ను చంపెయ్యమని మోషే అడిగాడు. 1 రాజులు 19లో బదరీవృక్షం కింద కూర్చుని ఏలీయా కూడా చావునే అడిగాడు. ఇద్దరిలో ఒక్కరినీ దేవుడు తిట్టలేదు. ఏలీయాకు ముందు నిద్ర, రొట్టె, నీళ్ళు ఇచ్చాడు, మోషేకు భారం పంచుకోవడానికి 70 మంది పెద్దల్ని ఇచ్చాడు. "మరి నీ సంఘంలో నీ భారం పంచుకోవడానికి ఎవరున్నారు నాయనా?" అని అడిగి, కాగితం ఇచ్చి పేర్లు రాయమన్నారు. మా ఆయన చాలాసేపు ఆలోచించి నాలుగు పేర్లు రాశారు. అవి మా ఇద్దరికీ ముందే తెలిసిన పేర్లే, కాని ఎప్పుడూ వాళ్ళను ఒక పని అడగలేదు.

మూడో రోజు పొద్దున డబ్బు, ఆరోగ్యం గురించి మాట్లాడారు. ఇది చాలామంది ఆధ్యాత్మికం కాదనుకుంటారు గానీ నాకైతే ఎంతో ఉపయోగపడింది. సంఘం డబ్బును ఇంటి డబ్బుతో కలపకుండా విడి ఖాతా, దానికి ఇద్దరి సంతకాలు పెట్టుకోమన్నారు. బ్యాంకు ఖాతా ఉంటే చాలు, ఏడాదికి 20 రూపాయలతో రెండు లక్షల ప్రమాద బీమా 18 నుంచి 70 ఏళ్ళ వాళ్ళు తీసుకోవచ్చు, 50 ఏళ్ళ లోపు చేరితే 436 రూపాయలతో రెండు లక్షల జీవిత బీమా కూడా ఉంది. బైకు మీద రాత్రిళ్ళు తిరిగే మనుషులకు ఇది లేకపోవడం ఎంత ప్రమాదమో ఆలోచించండి. బీపీ, షుగర్ పరీక్షలు అక్కడే చేశారు, మాతో వచ్చిన ఒక అయ్యగారికి షుగర్ ఉందని అప్పుడే తెలిసింది.

భోజనం మన ఇంటి భోజనమే, సంగటి, జొన్నరొట్టె, శెనక్కాయల చట్నీ, ఒక పూట ఉగ్గాని బజ్జీ. వండినవాళ్ళు కూడా సంఘస్థులే, వడ్డించేటప్పుడు వాళ్ళ ప్రేమ తెలుస్తుంది. జంటకు 600 తీసుకుంటారు, అదీ కవరులో పెట్టి పెట్టెలో వేయాలి, వేయలేనివాళ్ళను ఎవరూ అడగరు.

ఇక లోపాలు. పాస్టరమ్మలకు విడిగా పెట్టిన సమయం అరగంటే, అది ఏ మాత్రం చాలదు. ఇల్లు, పిల్లల ఫీజులు, వచ్చేపోయేవాళ్ళకు వంట, పైగా చీర కట్టు మీద కూడా సంఘంలో మాటలు, ఇవన్నీ మోసేది మేమే. నోరు విప్పడానికే అరగంట పట్టింది, అంతలో టీ అన్నారు. తర్వాతి బ్యాచ్ నుంచైనా ఒక పూట మొత్తం ఇవ్వాలని వాళ్ళకు చెప్పి వచ్చాను, ఇక్కడా చెప్తున్నాను. మూడో రోజు సాయంత్రం వచ్చిన అతిథి ప్రసంగం బాగా పొడుగైంది, అది తీసేసినా నష్టం లేదు. బాత్రూములు తక్కువ, దోమలు ఎక్కువ. ఒక్కో బ్యాచ్‌కు ఎనిమిది జంటలే కాబట్టి చోటు త్వరగా దొరకదు.

ఇంటికొచ్చాక అంతా మారిపోయిందని చెప్పను. కానుకలు అంతే ఉన్నాయి, బెంగళూరు వెళ్ళినవాళ్ళు ఇంకా రాలేదు. కానీ ఆ నలుగురిలో ఇద్దరు తమ్ముళ్ళు ఆసుపత్రి పనులు చూసుకుంటున్నారు, సోమవారం మా ఆయన ఫోను నా దగ్గర ఉంటుంది, ఆయన ఇప్పుడు సరిగా నిద్రపోతున్నారు. పెద్ద అయ్యగారు నెలకోసారి ఫోన్ చేసి మాట్లాడుతున్నారు.

సంఘ పెద్దలకు ఒక మనవి. మీ అయ్యగారు తనకు తానుగా వెళ్తానని అడగరు, మీరే బస్సు చార్జీ చేతిలో పెట్టి పంపండి. క్రిస్మస్ పనుల వల్ల డిసెంబరులో బ్యాచ్ ఉండదు, సంక్రాంతి దాటాక ఒకటి, ఈస్టర్ తర్వాత ఒకటి పెడతారు. దోమల మందు, దుప్పటి తీసుకెళ్ళండి. మోకాళ్ళ నొప్పులుంటే కింది గది కావాలని పేరు రాయించేటప్పుడే చెప్పండి, మేడ మెట్లు బాగా నిటారుగా ఉన్నాయి.