పాస్‌పోర్టు లాకర్‌లోకి వెళ్లిందంటే కుర్రాడి పని అయిపోయినట్టే

‘ది సర్పెంట్’ వెబ్ సిరీస్ 2021లో వచ్చినప్పుడే చూశాను. తర్వాత రొయ్యల చెరువు మీద రాత్రి కాపలా ఉన్నప్పుడల్లా ఫోన్‌లో మళ్లీ మళ్లీ చూస్తూనే ఉన్నాను. టూరిస్టుల్ని నమ్మించి చంపిన హంతకుడు చార్లెస్ శోభరాజ్ గురించి పేపర్లు ఎప్పుడో రాసేశాయి కాబట్టి కథ జోలికి పోను. ఎనిమిది ఎపిసోడ్లలో నన్ను పట్టుకున్నది డొమినిక్ అనే ఫ్రెంచి కుర్రాడి ముచ్చటే.

దేశం కాని దేశంలో వాణ్ణి శోభరాజ్ చేరదీస్తాడు. ఇంట్లో చోటిస్తాడు. కడుపు పాడైతే పక్కనే కూర్చుని గ్లాసులో మందు కలిపి తాగిస్తాడు. రోగం తెప్పిస్తున్నది ఆ మందే. నీరసపడేకొద్దీ కుర్రాడికి అన్నగారి మీద కృతజ్ఞత పెరిగిపోతుంటుంది. ఎక్కడా కత్తి లేదు, అరుపు లేదు. నాకైతే హత్యల కన్నా ఇదే ఎక్కువ టెన్షన్.

మాది రాజోలు వైపు. ఇంటికొకరు గల్ఫ్‌లో ఉంటారు. కువైట్‌లో ఇంటిపని చేసొచ్చిన మా పిన్ని ఒకరోజు పక్కన కూర్చుంది. ఇంగ్లీషు రాదు, పేర్లు పట్టలేదు. కుర్రాడి పాస్‌పోర్టు శోభరాజ్ లాకర్‌లో ఉందని నేను చెప్పగానే, “అయిపోయాడ్రా ఈ పిల్లోడు” అంది. మందు సంగతి నేనింకా చెప్పనేలేదు. అక్కడ ఆవిడ పాస్‌పోర్టు కూడా ఆ ఇంటి యజమానురాలి బీరువాలోనే ఉండేదట. పక్కింటి వాళ్ల సాయంతో డొమినిక్ ఎయిర్‌పోర్టుకి చేరేదాకా పిన్ని కాఫీ ముట్టుకోలేదు.

మొదట్లో అందరికీ తెగ పొగిడాను. ఇప్పుడైతే కొంచెం తగ్గించే చెబుతాను. కథ రెండు నెలలు వెనక్కి, మూడు నెలలు ముందుకి గెంతుతూనే ఉంటుంది. తొలిసారి అదో తెలివనిపించింది. ఇప్పుడు చూస్తే మధ్యలో సాగదీత కప్పిపుచ్చడానికేనేమో అనిపిస్తోంది. శోభరాజ్‌గా వేసిన తాహర్ రహీమ్ బిగదీసుకున్న మొహం భయపెడుతుంది, నిజమే. అలాంటివాణ్ణి జనం ఎలా నమ్మారన్నది మాత్రం డొమినిక్ దగ్గర తప్ప ఎక్కడా సరిగ్గా అందదు.

చెరువు నీళ్లకి గాలి పట్టించే ఏరేటర్ల మోతలో, సబ్‌టైటిల్స్ మీద ఆధారపడి, నిద్ర ఆపుకుంటూ చూసినవాణ్ణి నేను. తీరిగ్గా పెద్ద టీవీలో చూసేవాళ్లకి ఆ గెంతులు ఇంత ఇబ్బంది కాకపోవచ్చు. రోజుకో అరగంట చూద్దామనుకునేవాళ్లకి మాత్రం నేను పూచీ పడలేను. పిన్నయితే డొమినిక్ తప్పించుకున్నాక ఇంక చూడలేదు. “వాడు ఇల్లు చేరాడుగా, మిగతాది నాకెందుకు” అని లేచి వెళ్లిపోయింది.