చిన్నపిల్లలతో నల్లమల నడక: అహోబిలమా, బైర్లూటీనా, ఓర్వకల్లా?

ఐదేళ్ల బిడ్డ అడవి దారిలో గంటకు ఒక కిలోమీటరు నడిస్తే బాగా నడిచినట్టే. రాళ్లు తిప్పి చూడటం, చీమల బారు దగ్గర చతికిలబడటం అన్నీ ఆ గంటలోనే. కాబట్టి మధ్యలో ఎక్కడ వెనక్కి తిరిగినా రోజు దండగ అనిపించని దారిని ఎంచుకోవాలి.

ఆ లెక్కన మా మొదటి ఓటు ఎగువ అహోబిలానికే. ఆళ్లగడ్డ నుంచి దిగువ అహోబిలం పాతిక కిలోమీటర్లు, అక్కడి నుంచి ఎగువకు మరో ఎనిమిది. గుడి దాటి భవనాశి వాగు వెంట వెళితే సుమారు కిలోమీటరులో వరాహ నరసింహస్వామి సన్నిధి వస్తుంది. ఐదారేళ్ల పిల్లలకు అదే గమ్యం. జ్వాలా నరసింహుడి దాకా మెట్లు చాలా ఎక్కాలి, ఎనిమిదేళ్లు దాటినవాళ్లనే తీసుకుపోండి. ఉగ్రస్తంభం అనే రాతి శిఖరం వైపు పిల్లలతో అసలు వద్దు. నిటారు ఎక్కుడు, కాలు జారితే పట్టుకోను ఏమీ ఉండదు.

పొద్దున ఏడుకు నడక మొదలుపెడితే పదికల్లా తిరిగి రావచ్చు. ఆ తర్వాత బండలు కాలుతాయి. కర్నూలు నుంచి అదే పొద్దున బయలుదేరితే పిల్లల ఓపిక బండిలోనే అయిపోతుంది, ముందు రాత్రే దిగువ అహోబిలం చేరండి. పర్యాటక శాఖ హరిత హోటల్, మఠం వసతి గదులు ఉన్నాయి. స్వాతి నక్షత్రం రోజుల్లో, శనివారాల్లో గదులు దొరకడం కష్టం. పసిపిల్లల పాలు, అన్నం మీరే చూసుకోండి. కోతులు చేతిలోని కవర్ చూస్తే వదలవు. తినేవన్నీ జిప్పు ఉన్న సంచిలో పెట్టి, పెద్దవాళ్ల వీపునే ఉంచండి.

ఆత్మకూరు దాటాక దోర్నాల దారిలో ఉండే బైర్లూటీ అటవీ శాఖ క్యాంపు వేరే అనుభవం. గుడారాలు, కాటేజీలు, భోజనం, జీపు సఫారీ అక్కడే. పులుల అభయారణ్యం కాబట్టి సొంతంగా నడవడానికి వీల్లేదు. చెంచు గైడు వెంట తక్కువ దూరం నడకే మంచిది. సఫారీలో చాలాసేపు నోరు మెదపకుండా కూర్చోవాలి, ఆరేళ్లలోపు వాళ్లతో అది జరగని పని. గైడు చేత లేత టేకాకు ఒకటి కోయించి పిల్లల అరచేతుల్లో నలపమనండి, ఎర్రటి రంగు దిగుతుంది. నల్లమద్ది బెరడు తడిమితే మొసలి వీపు మాదిరే ఉంటుంది. పులి కనబడకపోయినా వాళ్లకు గుర్తుండేవి ఇవే. బుక్ చేసేముందు గుడారానికి మరుగుదొడ్డి ఎంత దూరమో అడగండి, పిల్లలు రాత్రి లేస్తారు. రాత్రి ఆ రోడ్డుపై రాకపోకలు ఆపేస్తారు, సాయంత్రానికే చేరండి.

ఓర్వకల్లు రాక్ గార్డెన్ కర్నూలుకు దగ్గర. మూడు నాలుగేళ్ల పిల్లలకు తొలి నడకగా పనికొస్తుంది, అడవి మాత్రం కాదు. ఎండ ఎక్కకముందే ముగించండి.

ఎక్కడికైనా నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మేలు. గంటన్నర నడకకు బిడ్డకు అర లీటరు నీళ్లు, పైన అర లీటరు అదనం. ఓఆర్‌ఎస్ పెద్ద ప్యాకెట్ మొత్తం ఒకేసారి లీటరు నీళ్లలో కలపాలి. కొంచెం కొంచెం పొడి వేస్తే పాళ్లు తప్పుతాయి. తినడానికి బుడ్డల ఉండలు, బొరుగులు చాలు. పిల్లల సంచి వాళ్ల బరువులో పదో వంతు దాటకూడదు. చెప్పులు వద్దు, మడమ కప్పే బూట్లు, పొడుగు ప్యాంటు, మెడలో ఈల. తప్పిపోతే ఉన్నచోటే నిలబడి మూడుసార్లు ఊదాలని బయలుదేరేముందే నేర్పండి.

చలికాలంలో పిల్లలను ఏడిపించేది దురదగొండి. ఎండిన కాయ మీది నూగు తగిలితే ఒళ్లంతా మంట. రుద్దితే నూగు ఇంకా లోపలికి పోతుంది. సెల్లో టేపు అంటించి పీకి, ఆ తర్వాతే నీళ్లతో కడిగి, బట్టలు మార్చండి. పాము కరిస్తే కట్టు బిగించొద్దు, కోయొద్దు. కాలు కదలకుండా బద్ద కట్టి, బిడ్డను ఎత్తుకునే బండి దగ్గరికి తేవాలి. అడవిలో ఫోన్ సిగ్నల్‌ను నమ్ముకోవద్దు, దగ్గరి ప్రభుత్వాసుపత్రి ఏదో ముందే కనుక్కోండి.

ఇంటికొచ్చాక చెవుల వెనక, చంకల్లో, గజ్జల్లో పిడుదులు ఉన్నాయేమో వెతికి, సన్నని పట్టకారుతో చర్మానికి ఆనించి నేరుగా లాగేయండి. మూడు వారాల్లోపు జ్వరం వస్తే, ముఖ్యంగా ఒంటిపై చిన్న నల్లటి పెచ్చు కనిపిస్తే, అడవికి పోయొచ్చామని డాక్టరుకు చెప్పాలి. అది స్క్రబ్ టైఫస్ (పొదల్లోని కంటికి ఆనని చిన్న పురుగులు కుడితే వచ్చే జ్వరం) అయితే మామూలు జ్వరం మందులతో తగ్గదు.