పన్నెండేళ్ల అసెంబుల్డ్ కంప్యూటర్: ముందు మార్చాల్సింది చివర మార్చాను

మా ఇంట్లో అందరూ దాన్ని సీపీయూ అనే అంటారు. ప్రాసెసర్ ఒక్కటే సీపీయూ అనీ, పెట్టెను క్యాబినెట్ అనాలనీ కొన్నేళ్లు చెప్పి చూశాను. ఇప్పుడు నేనూ సీపీయూ అనే అంటున్నాను. 2013 జూన్‌లో మా బావమరిదీ నేనూ చెన్నై రిచీ స్ట్రీట్‌కు వెళ్లి విడిభాగాలు కొన్నాం. మదర్‌బోర్డు డబ్బాను రైల్లో ఒళ్లో పెట్టుకుని తిరుపతి తెచ్చి, బైరాగిపట్టెడలో మా ఇంటి హాల్లో చాప వేసుకుని బిగించాం. ఇంటెల్ ఐ5-3470 ప్రాసెసర్, బీ75 బోర్డు, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్‌డిస్క్. లోపలి భాగాలన్నిటికీ కరెంటు అందించే డబ్బా, ఎస్ఎంపీఎస్, మాత్రం క్యాబినెట్‌తో ఉచితంగా వచ్చిందే.

సాయంత్రాలు శుభలేఖలు, కరపత్రాలు, విద్యార్థుల ప్రాజెక్టు రిపోర్టులు సెట్ చేయడం నాకు రెండో సంపాదన. పేజీలు కూర్చే పేజ్‌మేకర్ 7, అను తెలుగు ఫాంట్లు, వేళ్లకు పట్టేసిన యాపిల్ అనే తెలుగు కీబోర్డు అమరిక. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో. దానికి ఈ పెట్టే ఎక్కువ. కనుక గేముల కోసం చదువుతున్నవారు ఇక్కడే ఆగిపోవచ్చు.

2016లో ఒకరోజు టప్‌మని శబ్దం వచ్చి కంప్యూటర్ ఆగిపోయింది. ఎస్ఎంపీఎస్‌లో బల్లి. కంచిలో బంగారు బల్లిని తాకి వస్తే దోషం పోతుందని మా అమ్మ అంది. సీపీయూలో పడిన బల్లికి పరిహారం మాత్రం ఏడు వందల రూపాయల కొత్త ఎస్ఎంపీఎస్ అయింది. మీద 450 వాట్లని పెద్ద అక్షరాల్లో రాసి ఉంది. అంతకు మించి చూడలేదు.

అప్పటినుంచి ప్రతి మే నెలా గండమే. గంగ జాతర కరపత్రాల హడావిడి అప్పుడే, ఎండలు ముదిరేదీ అప్పుడే. పీడీఎఫ్ చేస్తుండగా కంప్యూటర్ ఠక్కున ఆరిపోయేది. వేడి వల్లే అనుకున్నాను. అందులో కొంత నిజం ఉండటం నా ఖర్మ. ప్రాసెసర్ వేడిని లాగేసే హీట్‌సింక్ తీసి చూస్తే, పూజగది పక్కనే పెట్టినందుకు అగరుబత్తి పొగా దుమ్మూ కలిసి ఫ్యాన్ రెక్కలకు జిగురులా పట్టుకుని ఉంది. ప్రాసెసర్‌కూ దానికీ మధ్య వేడి దాటించే పాత పేస్టు ఎండి పెళుసుబారింది. తుడిచి కొత్త పేస్టు వేస్తే, పని చేస్తున్నప్పుడు 95 డిగ్రీలు చూపించేది 70కి దిగింది. హీట్‌సింక్ నాలుగు ప్లాస్టిక్ పిన్నుల్లో ఒకటి విరిగింది. దానికి కట్టిన ప్లాస్టిక్ ట్యాగ్ ఇప్పటికీ ఊడలేదు. ఇక రోగం కుదిరిందనుకున్నాను. వారానికే మళ్లీ ఆరిపోయింది.

తరువాత ర్యామ్ మీద అనుమానం. ముందు రబ్బరుతో దాని కాళ్లు, అంటే పిన్నులు, రుద్దాను. తరువాత కొత్తది తెప్పిస్తే మా మేనల్లుడు పొరపాటున డీడీఆర్4 ఆర్డర్ పెట్టాడు. ఈ బోర్డుకు పట్టేది 240 పిన్నుల డీడీఆర్3. డీడీఆర్4కు 288 పిన్నులు, గాటు కూడా వేరేచోట ఉంటుంది. అది వాపసు చేసి, రూ. 2,400 పెట్టి సరైన 4 జీబీ ముక్క కొన్నాను. బ్రౌజర్‌లో నాలుగు పేజీలు తెరిచినా నత్తనడక తప్పింది గానీ ఆరిపోవడం తప్పలేదు. యూపీఎస్ బ్యాటరీ కూడా మార్చాను. దానికి నిజంగానే కాలం చెల్లింది కాబట్టి ఆ డబ్బు గురించి బాధ లేదు.

చివరికి మా వీధిలో ఉండే పెద్దాయన, పాత టీవీ మెకానిక్, మల్టీమీటర్‌తో వచ్చాడు. కంప్యూటర్ నడుస్తుండగానే ఖాళీగా వేలాడుతున్న కనెక్టర్‌లో పసుపు తీగకూ నల్ల తీగకూ మీటర్ పెట్టి, నన్ను పీడీఎఫ్ చేయమన్నాడు. 12 వోల్టులు ఉండాల్సిన చోట 11.1 చూపించింది. ఐదు శాతం అటూ ఇటూ పర్వాలేదు, అంటే 11.4 కంటే దిగకూడదు.

“రోగం తలలో ఉందని మందులన్నీ తలకే వేశావు నాయనా. దీనికి తిండే సరిగ్గా అందడం లేదు” అన్నాడు.

లేబుల్ అప్పుడు చదివాను. 12 వోల్టుల లైనుకు 14 ఆంపియర్లని చిన్న అక్షరాల్లో ఉంది. గుణిస్తే 168 వాట్లు. ఆ 450 ఎక్కడినుంచి వచ్చిందో రాసినవాడికే తెలియాలి. ఎస్ఎంపీఎస్ మీరే విప్పి చూడకండి, ప్లగ్ తీసేసినా లోపలి కెపాసిటర్లలో కరెంటు నిలిచి ఉంటుంది. ఆయన విప్పితే మూడు కెపాసిటర్ల తలలు పూరీల్లా ఉబ్బి ఉన్నాయి. 2022లో, కరెంటు వృథా తక్కువని చెప్పే బ్రాంజ్ రేటింగ్ ఉన్నది రూ. 3,200 పెట్టి కొన్నాను. ఆ తరువాత ఒక్క జాతర పని కూడా మధ్యలో ఆగలేదు.

పెట్టిన డబ్బుకు అన్నిటికంటే ఎక్కువ ఫలితమిచ్చింది మాత్రం 2019లో వేయించిన 240 జీబీ ఎస్ఎస్‌డీ, అంటే తిరిగే పళ్లెం లేని వేగమైన డిస్క్. స్విచ్ వేసి కాఫీ కలుపుకుని వచ్చేలోపు తెరుచుకునేది, ఇప్పుడు కుర్చీ సర్దుకునేలోపు తెరుచుకుంటుంది. ఒక మెలిక ఉంది. బీ75 చిప్‌సెట్‌లో డిస్కులు తగిలించే సాటా పోర్టుల్లో సెకనుకు 6 గిగాబిట్ల వేగంది ఒక్కటే, మిగతావి 3 గిగాబిట్లవి. బిగించిన కుర్రాడు చేతికందిన దాంట్లో పెట్టాడు. ఏడాది తరువాత బోర్డు పుస్తకం తిరగేస్తూ గమనించి మార్చాను. పెద్ద ఫైళ్లు కాపీ చేసేటప్పుడు తేడా బాగా తెలిసింది. మామూలు పనిలో చెప్పుకోదగ్గంత లేదు.

2021 నవంబరు వానలకు హాల్లోకి నీళ్లొస్తే సీపీయూను మంచమెక్కించాం. ప్రాణం దక్కింది గానీ ఆ చెమ్మకు ముందువైపు యూఎస్‌బీ పోర్టులు తుప్పుపట్టాయి. మరోసారి తేదీ రోజూ వెనక్కి పోతూ బ్యాంకు వెబ్‌సైట్ తెరుచుకోకపోతే వైరస్ అనుకున్నాను. బోర్డు మీద గడియారాన్ని నడిపే సీఆర్2032 బ్యాటరీ బిళ్ల మార్చితే సరిపోయింది. నలభై రూపాయలు.

విండోస్ 11 ఈ ప్రాసెసర్‌ను ఒప్పుకోదు, ఇంటెల్‌లో ఎనిమిదో తరం నుంచీ కావాలి. ఇది మూడో తరం. విండోస్ 10కి 2025 అక్టోబరు 14న మద్దతు ముగిసింది. అందుకే ఎస్ఎస్‌డీని రెండు భాగాలు చేసి, ఇంటర్నెట్ పనికి విండోస్ బదులు వాడే ఉచిత లినక్స్ మింట్ వేశాను. విండోస్‌లో పేజ్‌మేకర్ తప్ప మరేమీ తెరవను, నెట్ తీగ కూడా పీకేస్తాను. ఏ కంప్యూటర్‌లోనైనా చదవగలిగే యూనికోడ్‌లో టైపు చేయడానికి ఇన్‌స్క్రిప్ట్ అనే కీబోర్డు అమరిక నేర్చుకుంటున్నాను. ఒత్తుల దగ్గర వేళ్లు ఇంకా యాపిల్ వైపే పరుగెడుతున్నాయి.

మదర్‌బోర్డు పోతే మళ్లీ ఈ తరం బోర్డు వెతకను. ఎస్ఎంపీఎస్, ఎస్ఎస్‌డీ కొత్త పెట్టెలోకి మారతాయి. ముందే ఎగబడి కొన్న ఆ రూ. 2,400 ర్యామ్ మాత్రం ఈ బోర్డుతోనే పోతుంది.