ట్రాక్టర్ ట్రైలర్ లాగడానికి ఏది మేలు: హాఫ్ టన్ ట్రక్కుకి మంచి హిచ్ పెట్టడమా, త్రీ క్వార్టర్ టన్ ట్రక్ కొనడమా?

డాలస్‌కి ఉత్తరాన సెలైనా, ఆబ్రీ, మెలిస్సా వైపు మనవాళ్లు ఐదెకరాలో పదెకరాలో కొనడం మొదలుపెట్టాక, చిన్న ట్రాక్టర్, దాన్ని మోసే ట్రైలర్, ఆ ట్రైలర్‌ని లాగే ట్రక్ అంటూ ఒకదాని వెనక ఒకటి ఖర్చులు వస్తూనే ఉంటాయి. ట్రక్ దగ్గరికొచ్చేసరికి అందరూ అనేది ఒకటే. "బ్రోషర్‌లో 13,000 పౌండ్లు లాగుతుందని ఉంది, మన ట్రైలర్ 7,000 కదా అన్నా, ఇక టెన్షన్ ఎందుకు?" లాగుతుంది, దానికేం. వెనక బంపర్ కింద పడే బరువుని ట్రక్ మోయగలదా, హిచ్ (ట్రైలర్‌ని ట్రక్కుకి తగిలించే ఏర్పాటు) మోయగలదా అన్నది వేరే లెక్క, ఆ లెక్క బ్రోషర్‌లో ఉండదు.

ముందు అసలు బరువు ఎంతో చూద్దాం, ఎందుకంటే చాలామంది ట్రాక్టర్ బరువు ఒక్కటే చూసి ఆగిపోతారు. కుబోటా ఎల్2501 ఫోర్ వీల్ డ్రైవ్ దాదాపు 2,400 పౌండ్లు. దానికి ముందు లోడర్, బకెట్ కలిపి ఇంకో 900 దాకా. గడ్డి కొట్టే ఐదడుగుల రోటరీ కట్టర్ 550, నేల చదును చేసే బాక్స్ బ్లేడ్ 400, వెనక టైర్లలో బరువు కోసం డీలర్ నింపిన ద్రవం ఓ 500. మొత్తం 4,750 అయింది. 20 అడుగుల ట్రైలర్ ఖాళీగానే 2,000 తూగుతుంది. గొలుసులు, వాటిని బిగించే బైండర్లు, డీజిల్ డబ్బా వేస్తే 7,000కి అటూ ఇటూ, అంటే మన లెక్కలో 32 క్వింటాళ్ల దగ్గర. రెండు 3,500 పౌండ్ల ఇరుసులున్న ట్రైలర్‌కి అదే గరిష్ఠ పరిమితి కూడా. ప్యాకేజీలో చవగ్గా ఇచ్చే ట్రైలర్ సరిగ్గా ఇదే, కాబట్టి ట్రాక్టర్ ఒక సైజు పెంచాలనుకుంటే ట్రైలర్ కూడా మారాలి. ఆ మాట సేల్స్‌మన్ తనంతట తాను చెప్పడు.

ఈ 7,000లో 10 నుంచి 15 శాతం ట్రైలర్ ముందు భాగం నుంచి ట్రక్ బాల్ మీద, అంటే హిచ్ మీది ఇనప గుండు మీద పడాలి. దీన్నే టంగ్ వెయిట్ అంటారు. అంటే 700 నుంచి 1,050. ఎడ్లబండి తోలినవాళ్లకి ఇది వివరించక్కర్లేదు: బరువు వెనక్కి జరిగితే కాడి పైకి లేస్తుంది, మరీ ముందుకి జరిగితే ఎడ్ల మెడలు వంగిపోతాయి. ఇక్కడ కాడి లేవడమంటే హైవే మీద గంటకు 60 మైళ్ల వేగంలో ట్రైలర్ పాములా ఊగడం. ట్రాక్టర్‌ని ఒక్క అడుగు ముందుకి జరిపితే టంగ్ మీద దాదాపు 200 పౌండ్లు పెరుగుతుంది. ట్రాక్టరూ లోడరూ కలిపి 3,300, కప్లర్ (బాల్ మీద కూర్చునే ట్రైలర్ ముందు కొస) నుంచి ఇరుసుల మధ్యకి సుమారు 15 అడుగులు, భాగించి చూసుకోండి. అందుకని ట్రాక్టర్ ఎక్కించాక ఎక్కడ ఆపాలో ఒకసారి తేల్చుకుని డెక్ మీద పెయింట్‌తో గీత పెట్టేస్తే మళ్లీ మళ్లీ కొలవక్కర్లేదు.

ఇక ఎంపికలకి వద్దాం.

మొదటిది, హాఫ్ టన్ ట్రక్, అంటే ఎఫ్-150, సిల్వరాడో 1500, రామ్ 1500 లాంటిది, దానికి మామూలు బాల్. తక్కువ ఖర్చు, కొక్కెం తగిలించి బయల్దేరడమే. కానీ బంపర్ కింద వంగి హిచ్ మీది స్టిక్కర్ చదవండి. చాలా ఎఫ్-150లలో దాని మీద రెండు వరసలుంటాయి: వెయిట్ క్యారీయింగ్ (మామూలు బాల్) అయితే 5,000 పౌండ్ల ట్రైలర్, 500 పౌండ్ల టంగ్, వెయిట్ డిస్ట్రిబ్యూటింగ్ (బరువు సర్దే హిచ్) అయితే దానికి రెట్టింపు పైనే. అంటే బ్రోషర్‌లో చెప్పిన 13,000 రెండో వరస అంకె. మామూలు బాల్ మీద మన 7,000 ట్రైలర్ ఆ స్టిక్కర్ ప్రకారమే ఎక్కువ. కంపెనీని బట్టి, మోడల్‌ని బట్టి ఈ అంకెలు మారతాయి కాబట్టి పక్కింటాయన ట్రక్కుది కాదు, మీ ట్రక్కుదే చూడండి. ఖాళీ ట్రైలర్‌కో, పచారీ సామానంత లోడుకో ఈ పద్ధతి చాలు. ట్రాక్టర్‌కి నేనైతే వద్దంటాను.

రెండోది, అదే హాఫ్ టన్‌కి వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్. కొన్ని వందల డాలర్లు అవుతుంది. ఇది చేసే పని ఏమిటో తెలిస్తే ఎందుకు కొనాలో తెలుస్తుంది. బాల్ వెనక ఇరుసుకి ఇంకా ఐదడుగుల పైన వెనక్కి ఉంటుంది కదా, అక్కడ 850 పౌండ్లు పడితే వెనక ఇరుసు మీద 850 కాదు, దాదాపు 1,230 పడుతుంది, ఆ ఎక్కువైన 380 ముందు చక్రాల మీద తగ్గుతుంది (వీల్‌బేస్, అంటే ట్రక్ రెండు ఇరుసుల మధ్య దూరం, 145 అంగుళాలు, బాల్ 65 అంగుళాలు వెనక అనుకుని వేసిన లెక్క). ముందు తేలిక పడితే స్టీరింగ్ పట్టు తగ్గుతుంది, బ్రేక్ పట్టు తగ్గుతుంది, రాత్రి పూట ఎదురొచ్చేవాళ్ల కళ్లల్లో మీ హెడ్‌లైట్లు కొడతాయి. ఈ హిచ్‌లోని స్ప్రింగ్ బార్లు ఆ బరువులో కొంత ముందు ఇరుసుకి, కొంత ట్రైలర్ ఇరుసులకి తిప్పి పంపుతాయి. చాలావాటిలో ఊగుడుని ఆపే రాపిడి ఏర్పాటు కూడా ఉంటుంది.

అయితే బరువు సర్దుతుంది తప్ప మాయం చేయదు. ట్రక్ ఎంత మోయగలదో డ్రైవర్ తలుపు తీస్తే కనిపించే పసుపు స్టిక్కర్ మీద రాసి ఉంటుంది, మనుషులూ సామానూ కలిపి ఇంతకి మించకూడదని. బాగా హంగులున్న క్రూ క్యాబ్ (నాలుగు తలుపుల) హాఫ్ టన్‌లో అది 1,500 అనుకోండి, సన్‌రూఫ్, లెదర్ సీట్లు పెరిగేకొద్దీ ఇంకా తగ్గుతుంది. టంగ్ 850, హిచ్ తల 80, మిగిలింది 570. మీరొక్కరే, పనిముట్ల పెట్టె, నీళ్ల కూలర్: హాయిగా సరిపోతుంది. భార్య, ఇద్దరు ఎదిగిన పిల్లలు, "ఊరికే పొలం చూసొద్దాం" అని వచ్చిన మామయ్యగారు: అయిపోయింది, స్టిక్కర్ దాటేశారు, బెడ్‌లో ఏమీ వేయకుండానే. టో రేటింగ్ (లాగగల బరువు) సగానికి కాస్త పైనే వాడారు, పేలోడ్ (మోయగల బరువు) మాత్రం ఖర్చయిపోయింది. హాఫ్ టన్ కథ ఎప్పుడూ ఇంతే, ఇంజిన్‌కి శక్తి మిగిలే ఉంటుంది, స్ప్రింగులకీ వెనక ఇరుసుకీ మిగలదు.

బ్రోషర్ అంకె అబద్ధమని కాదు. వాహన ఇంజినీర్ల సంఘం ఎస్ఏఈ పెట్టిన జె2807 అనే ప్రమాణం ప్రకారం పరీక్షించి చెప్పేదే. 2011 మోడల్ టండ్రాతో టొయోటా మొదట పాటించింది, మిగతా కంపెనీలు తర్వాత మెల్లగా వచ్చాయి. ఆరిజోనాలో డేవిస్ డ్యామ్ దగ్గర స్టేట్ రూట్ 68 మీద 11.4 మైళ్ల ఎక్కుడు, ఏసీ పూర్తిగా వేసి గంటకు 40 మైళ్లకి తగ్గకుండా ఎక్కాలి. గట్టి పరీక్షే. కాకపోతే ఆ లెక్కలో ట్రక్కులో ఉండేది 150 పౌండ్ల మనుషులు ఇద్దరు, టంగ్ 10 శాతం. మామయ్యగారు అందులో లేరు.

మూడోది త్రీ క్వార్టర్ టన్, అంటే ఎఫ్-250, 2500 సిరీస్ ట్రక్కులు. గట్టి వెనక ఇరుసు, పెద్ద బ్రేకులు, బరువైన ఫ్రేము. పెట్రోల్ ఇంజిన్‌దైతే పసుపు స్టిక్కర్ చాలాసార్లు 3,000 దాటుతుంది. మన ట్రాక్టర్ ట్రైలర్‌కి మామూలు బాల్ చాలు, ఇంటిల్లిపాదీ ఎక్కొచ్చు. తలనొప్పి ఎక్కడంటే, వారమంతా ఆఫీసుకీ కాస్ట్‌కోకీ ఇదే బండి. ఖాళీగా ఉన్నప్పుడు గతుకుల్లో ఎగురుతుంది, పార్కింగ్ గ్యారేజీల్లో చెమటలు పట్టిస్తుంది, పెట్రోల్ బాగా తాగుతుంది.

ఇక్కడ మనవాళ్లు పడే గుంట డీజిల్. డీజిల్ అంటే ఎక్కువ మోస్తుందని నమ్మకం. ఇంజిన్ బరువు వందల పౌండ్లు ఎక్కువ, పైగా చాలా 250/2500 ట్రక్కుల మొత్తం బరువు పరిమితిని 10,000 దగ్గర కట్టేసి ఉంచుతారు, కాబట్టి డీజిల్ క్రూ క్యాబ్ స్టిక్కర్ 2,000 చుట్టుపక్కలకి దిగిపోవడం మామూలే. అంటే వేల డాలర్లు ఎక్కువ పోసి తక్కువ మోసే బండి తెచ్చుకున్నట్టు. కొలరాడో కొండలెక్కుతూ 12,000 లాగేవాళ్లకి డీజిల్ టార్క్ (లాగే బలం), దిగుడులో వేగం తగ్గించే ఎగ్జాస్ట్ బ్రేక్ బంగారం. డాలస్ పక్కన చదునైన కాలిన్ కౌంటీలో నెలకోసారి ట్రాక్టర్ తిప్పేవాళ్లకి అనవసరం.

గూస్‌నెక్ రకం ట్రైలర్ గురించి కూడా అడుగుతుంటారు. ట్రక్ బెడ్ (వెనక సామాను వేసే తొట్టి) మధ్యలో వెనక ఇరుసు పైన బాల్ ఉంటుంది కాబట్టి ఊగుడు బాగా తక్కువ, మలుపులు సులువు. కానీ ట్రైలర్ బరువులో 20 నుంచి 25 శాతం ట్రక్ మీద పడుతుంది. 10,000 ట్రైలర్ అంటే 2,000 పైమాటే, ఏ మామూలు హాఫ్ టన్ స్టిక్కర్‌కీ అందదు. ఎండుగడ్డి పెద్ద చుట్టలు, పశువులు మోసేవాళ్ల వస్తువు అది.

నా తీర్పు: ట్రైలర్ 7,000 లోపు, అప్పుడప్పుడు లాగడం, ట్రక్కులో ఒకరిద్దరు మనుషులు అయితే, ఇప్పుడున్న హాఫ్ టన్ ఉంచుకుని వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ కొనండి. 10,000 తరగతి ట్రైలర్ అయినా, కుటుంబమంతా ఎక్కినా, లేదా అదే ట్రక్కుతో క్యాంపర్ (లోపల పడుకునే వీలున్న ఇల్లులాంటి ట్రైలర్) కూడా లాగాలనుకున్నా, పెట్రోల్ త్రీ క్వార్టర్ టన్. క్యాంపర్ విషయంలో మరీ జాగ్రత్త, అమ్మేవాళ్లు చెప్పేది ఖాళీ బరువు, 40 గ్యాలన్ల నీళ్లే 330 పౌండ్లు, పైగా నిలువు గోడలకి గాలి కొట్టుకుంటుంది.

ఏది తీసుకున్నా లోడ్ చేసి ఒకసారి తూకం వేయించండి. హైవే పక్క ట్రక్ స్టాపుల్లో క్యాట్ స్కేల్ అనే లారీ కాటా ఉంటుంది, చిన్న ఖర్చు. ట్రైలర్ తగిలించి ఒకసారి, ట్రక్ ఒక్కటే ఇంకోసారి. వెయిట్ డిస్ట్రిబ్యూషన్ బార్లుంటే తూకానికి ముందు వదులు చేయాలి. తగిలించినప్పుడు ట్రక్ రెండు ఇరుసుల మీది మొత్తంలోంచి ట్రక్ ఒంటరి బరువు తీసేస్తే వచ్చేదే టంగ్ వెయిట్. అది 10 శాతం కంటే తక్కువొస్తే ట్రాక్టర్ ముందుకి జరపండి.

రేటింగ్ విషయానికొస్తే, రిసీవర్ (ట్రక్ కింద బిగించిన చదరపు గొట్టం), బాల్ మౌంట్ (అందులో దూర్చి బాల్‌ని మోసే కడ్డీ), బాల్, కప్లర్, ఈ నాలుగింటిలో ఏది చిన్నదో అదే మీ హద్దు. షాపులో దొరికే చవక బాల్ మౌంట్లు 5,000, 6,000 దగ్గరే ఆగిపోతాయి. 5,000 రేటింగున్న బండికి అంతకంటే పెద్ద రేటింగున్న క్లాస్ 4 రిసీవర్ బిగించినా అది 5,000 బండే. బాల్ పైన సైజు, బరువు చెక్కి ఉంటాయి, రెండు అంగుళాల బాల్ మీద 2-5/16 అంగుళాల కప్లర్ కూర్చున్నట్టే కూర్చుని గతుకు రాగానే లేచిపోతుంది. టెక్సస్‌లో 4,500 పౌండ్లు దాటిన ట్రైలర్‌కి బ్రేకులు తప్పనిసరి. నాలుగు పిన్నుల ప్లగ్ లైట్లు వెలిగిస్తుంది తప్ప ఆ ఎలక్ట్రిక్ బ్రేకులు పట్టించలేదు, ఏడు పిన్నులదీ, ట్రక్కులో బ్రేక్ కంట్రోలరూ ఉండాలి. ఎప్పుడైనా ట్రైలర్ ఊగడం మొదలైతే ట్రక్ బ్రేక్ గట్టిగా తొక్కకండి, యాక్సిలరేటర్ వదిలేసి, ఆ కంట్రోలర్ మీటతో ట్రైలర్ బ్రేకులు మాత్రమే వేయండి.