హాస్టలా, హౌసింగ్ ఫస్టా? కౌన్సిల్ డబ్బు ఎటు పెడితే మేలు

ఇంగ్లండ్‌లో సోషల్ వర్క్ చదువుతూ రాత్రిళ్లు ఇల్లులేనివాళ్ల హాస్టల్‌లో డ్యూటీకి వెళ్లే మన పిల్లలు ఈ ఏడాది నన్ను పదే పదే ఒకటే అడుగుతున్నారు: "అక్కా, ఈ బెడ్లకు కౌన్సిల్ ఇంత ఖర్చు పెడుతోంది కదా, అదే డబ్బు హౌసింగ్ ఫస్ట్‌కి పెడితే మేలు కాదా?" కౌన్సిల్ అంటే అక్కడి స్థానిక ప్రభుత్వం. హౌసింగ్ ఫస్ట్ అంటే షరతులు లేకుండా ముందు ఇల్లు ఇచ్చి, ఆపైన సపోర్ట్ అందించే పద్ధతి. కౌన్సిళ్లలో పనిచేసే స్నేహితులు అడిగేదీ ఇదే. కాకపోతే వాళ్లు ఎగ్జెంప్ట్ అకామడేషన్‌ని (కొంత సపోర్ట్ చూపించి ప్రభుత్వ అద్దె సాయం మీద నడిపే గదులను) కూడా కలిపి అడుగుతారు. నేను ఆరేళ్లు హాస్టల్లో సపోర్ట్ వర్కర్‌గా చేశాను. ఇప్పుడు కౌన్సిల్లో కమిషనింగ్ పని, అంటే ఇలాంటి సర్వీసులను బయటి సంస్థల చేత నడిపించే పని చూస్తున్నాను. మొన్ననే ఒక టెండరుకు మార్కులు వేశాం. ఆ చర్చలు ఇంకా నా బుర్రలో తిరుగుతుండగానే ఇది రాస్తున్నాను.

ముందు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. పిల్లలు లేని, ప్రయారిటీ నీడ్ (చట్టం ముందు వరస ఇచ్చే అవసరం) కిందికి రాని ఒంటరి మనిషికి ఇల్లు చూపించి తీరాలని చట్టం కౌన్సిల్‌ను బలవంతపెట్టదు. 2018 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న హోమ్‌లెస్‌నెస్ రిడక్షన్ యాక్ట్ సాయం చేయమంటుంది, అంతవరకే. ఇలాంటి సపోర్ట్ సర్వీసుల కోసం 2003లో మొదలైన సపోర్టింగ్ పీపుల్ నిధులను వేరే పనులకు వాడకూడదన్న నియమం ఉండేది. 2009లో దాన్ని ఎత్తేశారు. అప్పటినుంచి బడ్జెట్ కోత వచ్చిన ప్రతిసారీ కత్తి ముందుగా పడేది ఈ సర్వీసుల మీదే. అంటే మన చేతిలో ఉన్నది చిన్న మొత్తం, అదీ వచ్చే ఏడాది ఉంటుందో ఉండదో తెలియదు. మేలు ఏదో తేల్చుకునేది ఆ చిన్న మొత్తంతోనే.

హాస్టల్‌ను తీసిపారేసేవాళ్లతో నేను ఏకీభవించను. జనవరి రాత్రి పదకొండింటికి తడిసిన స్లీపింగ్ బ్యాగుతో వచ్చిన మనిషికి అప్పటికప్పుడు తలుపు తీసేది హాస్టలే. ఇరవైనాలుగు గంటలూ స్టాఫ్ ఉంటారు, ఆఫీసులో డ్రగ్స్ ఓవర్‌డోస్‌కి విరుగుడైన నలాక్సోన్ ఉంటుంది. ఓవర్‌డోస్ అయిన మనిషి మళ్లీ ఊపిరి తీసుకోవడం నేను నా కళ్లతో చూశాను. పక్కన ఎవరూ లేని ఫ్లాట్‌లో అయితే అతను బతికేవాడు కాదు.

కానీ అదే కప్పు కింద నలభై మంది ఉంటారు. నిన్న మందు మానేసినవాడికి ఎదురుగదిలో ఇంకా తాగుతున్నవాడు. గొడవ జరిగితే వార్నింగ్ లెటర్లు, మూడోదానికి బయటికి. చాలామందికి ఉండేది లైసెన్సే (ఉండటానికి అనుమతి మాత్రమే) తప్ప టెనెన్సీ (అద్దెదారు హక్కు) కాదు, కాబట్టి బయటికి పంపడం కష్టం కాదు. చాలాచోట్ల రెండేళ్ల గడువు ఉంటుంది, ఆ లోపు మూవ్ ఆన్ కావాలి. ఎక్కడికి? 35 ఏళ్లలోపు వాళ్లలో ఎక్కువమందికి ప్రైవేటు అద్దెకు ప్రభుత్వం ఇచ్చే సాయం (బెనిఫిట్) పంచుకునే ఇంట్లో ఒక గదికి సరిపడేంతే. ఓనర్లు ఆ రేటుకు ఇవ్వరు. అలా సిద్ధమైన మనిషి కదలడు, వీధిలో ఉన్న మనిషికి బెడ్ దొరకదు.

హౌసింగ్ ఫస్ట్ లెక్క వేరు. 1992లో న్యూయార్క్‌లో మొదలై, 2008 నుంచి ఫిన్లాండ్ దేశవ్యాప్తంగా నడిపిన పద్ధతి ఇది. ఇంగ్లండ్‌లో 2017 బడ్జెట్‌లో గ్రేటర్ మాంచెస్టర్, లివర్‌పూల్, వెస్ట్ మిడ్‌ల్యాండ్స్ ప్రాంతాలకు 2.8 కోట్ల పౌండ్లు ప్రకటించాక అందరి నోళ్లలో పడింది. మందు మానాలి, కౌన్సెలింగ్‌కి రావాలి అనే షరతులేవీ పెట్టకుండా ముందు ఫ్లాట్ ఇస్తారు. ఒక వర్కర్‌కి ఐదు నుంచి ఏడుగురు మాత్రమే. అవసరం ఉన్నంతకాలం సపోర్ట్ ఆగదు. ఇల్లు ఒకరిది, సపోర్ట్ మరొకరిది.

నాకు అన్నిటికంటే ముఖ్యం అనిపించేది ఆ ఆఖరి మాటే. ఎందుకో చెప్తాను.

హాస్టల్లో ఉన్నప్పుడు నేను చూసుకునే మనుషులు పద్నాలుగు మంది ఉండేవాళ్లు. వాళ్లలో ఒక పెద్దాయన, వయసు యాభై దాటింది, మొదటి ఎనిమిది నెలలు నాతో వాతావరణం గురించి తప్ప మాట్లాడలేదు. తొమ్మిదో నెలలో కాలి పుండు చూపించాడు. డాక్టర్ దగ్గరికి కలిసి వెళ్లాం. ఆ నెలలోనే కాంట్రాక్టు చేతులు మారింది. కాంట్రాక్టు మారినా సిబ్బందిని కొత్త సంస్థే తీసుకోవాలనే టూపీ నిబంధన వల్ల మా ఉద్యోగాలు పోలేదు, కానీ కొత్త సంస్థ డ్యూటీలు మార్చి నన్ను ఇంకో బిల్డింగుకి పంపింది. అతనికి కొత్త కీ వర్కర్ (అతని బాధ్యత చూసే సపోర్ట్ వర్కర్) వచ్చింది. "మీ గురించి చెప్పండి" అని మొదటినుంచీ ఫారం నింపడం మొదలుపెట్టింది. ఆరువారాల్లో అతను గది వదిలి వెళ్లిపోయాడు. ఆమె తప్పేమీ లేదు. ఒక మనిషికి తన కథ ఎన్నిసార్లు చెప్పే ఓపిక ఉంటుంది?

అందుకే నేను పైకప్పు కంటే ముందు వర్కర్‌ని చూస్తాను. హాస్టల్లో గది పోతే వర్కర్ కూడా పోతాడు, సరిగ్గా అవసరం పడిన రోజునే. హౌసింగ్ ఫస్ట్‌లో ఫ్లాట్ పోయినా, మనిషి జైలుకెళ్లినా, ఆసుపత్రిలో పడినా అదే వర్కర్ వెంట ఉంటాడు. ఇల్లూ సపోర్టూ విడిగా ఉండటంలో అసలు లాభం ఇది.

అయితే పేరు హౌసింగ్ ఫస్ట్ అయినంత మాత్రాన ఇది దానంతటదే జరగదు. ఏడాది గ్రాంటు మీద నడిపితే వర్కర్ పదో నెలలోనే వేరే ఉద్యోగం వెతుక్కుంటాడు. జీతం సూపర్‌మార్కెట్ జీతానికి కాస్త అటూఇటుగా ఉన్నప్పుడు అతన్ని తప్పుపట్టలేం. అప్పుడు అదీ మళ్లీ ఫారాలు నింపే సర్వీసే అవుతుంది. మామూలు హాస్టల్‌కైనా ఐదేళ్లు, పైన రెండేళ్లు పొడిగించుకునే కాంట్రాక్టు ఇచ్చి, ఒక్కో వర్కర్‌కి మనుషులను తగ్గిస్తే, ఏడాది గ్రాంటు హౌసింగ్ ఫస్ట్ కంటే అదే మేలు. నేను టెండర్లలో ముందుగా చదివేది స్టాఫ్ ఎంతకాలం నిలుస్తున్నారన్న జవాబే. 2025 ఫిబ్రవరి నుంచి అమల్లోకి వచ్చిన కొత్త ప్రొక్యూర్‌మెంట్ చట్టంలో, గెలిచే బిడ్‌ను వర్ణించే మాటల్లోంచి "ఆర్థికంగా" అన్న పదం తీసేశారు. ఖరీదు మార్కులు తగ్గించి నాణ్యత మార్కులు పెంచుదామని అడిగేటప్పుడు నేను ఆ మార్పును చూపిస్తాను. కొన్నిసార్లు ఒప్పుకుంటారు.

ఎగ్జెంప్ట్ అకామడేషన్ సంగతి. దీన్ని కౌన్సిల్ కొనదు, ఎంచుకోదు. ఎవరో ఒకరు పాత ఇల్లు తీసుకుని గదులు చేసి, కొద్దిపాటి సపోర్ట్ చూపిస్తే హౌసింగ్ బెనిఫిట్ పెద్ద అద్దెలు కడుతుంది. బర్మింగ్‌హామ్ ఒక్కచోటే ఇలాంటి ఇళ్లలో 20 వేలకు పైగా మనుషులు చేరారు. బాగా నడిపేవాళ్లూ ఉన్నారు, వారానికోసారి తలుపు తట్టి సంతకం పెట్టించుకుని వెళ్లేవాళ్లూ ఉన్నారు. 2023 చట్టం లైసెన్సులకూ జాతీయ ప్రమాణాలకూ దారి వేసింది. అవి పూర్తిగా అమలయ్యేదాకా నేను మాత్రం ఎవరినీ అక్కడికి పంపమని చెప్పను. ఫ్లోటింగ్ సపోర్ట్ (వర్కర్ మనిషి ఉన్న ఇంటికే వచ్చి చేసే సాయం) మంచిదే, కానీ ఇప్పటికే ఇల్లున్నవాళ్లకు. చలికాలం నైట్ షెల్టర్లు ప్రాణం కాపాడతాయి, అంతకుమించి వాటినుంచి ఆశించకూడదు.

హౌసింగ్ ఫస్ట్ అందరికీ అవసరం లేదు కూడా. ఉద్యోగం పోయి, సంసారం విడిపోయి రోడ్డున పడ్డ మనిషికి డిపాజిట్ డబ్బు, మంచి సలహా చాలు. హాస్టళ్లు మూడుసార్లు తిరిగి, మూడుసార్లు బయటికి వచ్చినవాళ్లకు మాత్రం నా ఓటు హౌసింగ్ ఫస్ట్‌కే. నలభై బెడ్ల హాస్టల్‌ను పదిహేను బెడ్లకు కుదించి వీధినుంచి వచ్చేవాళ్లకు మొదటి మజిలీగా ఉంచాలి. మిగిలిన డబ్బు పొడవాటి కాంట్రాక్టుతో వర్కర్ల మీద పెట్టాలి. మొన్న మార్కులు వేసేటప్పుడు నేను వాదించింది ఇదే.

మిగిలింది ఫ్లాట్లు. వర్కర్ ఉన్నాడు, డబ్బు ఉంది, ఫ్లాట్ లేదు. ఆరేళ్ల కిందటి అద్దె బాకీ చూపించి తక్కువ అద్దె ఇళ్లిచ్చే హౌసింగ్ అసోసియేషన్ దరఖాస్తు తిప్పి పంపిస్తుంది. ఈ వారం నా టేబుల్ మీద అలాంటివి నాలుగు ఉన్నాయి. ఒక్కొక్కదానికీ ఫోన్ చేసి, వర్కర్ వారానికి ఎన్నిసార్లు వెళ్తాడో, బాకీ నెలకు ఎంత కడతారో చెప్పి మళ్లీ అడుగుతున్నాను. ఒకటి నిన్న సాయంత్రం ఒప్పుకున్నారు.