డిస్కవరీ ఉచితం, అట్లాంటిస్‌కి 75 డాలర్లు, మధ్యలో ఓ రిసార్ట్ ఫీజు

మా అన్నయ్య శ్రీహరికోటలో రాకెట్లకు ఇంధనం నింపే విభాగంలో పనిచేసి రిటైరయ్యాడు. వర్జీనియాలో ఉన్న మా అబ్బాయి ఎన్నిసార్లు పిలిచినా "అంత దూరం నావల్ల కాదురా" అనేవాడు. "మామయ్యా, అంతరిక్షానికి వెళ్లొచ్చిన షటిల్ మా ఇంటికి ఇరవై నిమిషాల దూరంలో ఉంది" అని వాడు చెప్పాక మాత్రం వారం తిరక్కుండా పాస్‌పోర్టు రెన్యువల్‌కి ఇచ్చేశాడు. అలా మావారు, నేను, అన్నయ్య, వదిన కలిసి బయల్దేరాం. నయాగరా, న్యూయార్క్ అన్నీ బాగానే జరిగాయి, వాటి గురించి రాసినవాళ్లు చాలామంది ఉన్నారు. నేను రాయాలనుకున్నది రెండు షటిళ్ల గురించి, ఆ దారిలో మమ్మల్ని దోచుకున్న ఒక హోటల్ గురించి.

షటిల్ అంటే మనుషుల్ని అంతరిక్షానికి తీసుకెళ్లి, విమానంలా తిరిగి దిగే నౌక. అమెరికా అంతరిక్ష సంస్థ నాసా 2011లో షటిల్ ప్రయాణాలు ఆపేశాక మిగిలిన వాటిని మ్యూజియాలకు పంచారు. డిస్కవరీ వాషింగ్టన్ పక్కన షాంటిలీలో, అట్లాంటిస్ ఫ్లోరిడాలోని కెన్నెడీ స్పేస్ సెంటర్‌లో, ఎండీవర్ లాస్ ఏంజెలెస్‌లో ఉన్నాయి. అంతరిక్షానికి వెళ్లకుండా గాల్లోంచి దింపే పరీక్షలకు వాడిన ఎంటర్‌ప్రైజ్ న్యూయార్క్‌లో ఒక పాత విమానవాహక నౌక మీద ఉంది. వదిన మోకాళ్ల నొప్పుల వల్ల ఆ నౌక ఎక్కలేదు.

డిస్కవరీ ఉన్నచోటి పేరు ఉద్వర్-హేజీ సెంటర్. వాషింగ్టన్ డల్లస్ విమానాశ్రయం పక్కనే (టెక్సస్‌లోని డాలస్ కాదు). లోపలికి టికెట్ లేదు, కారు పార్కింగ్‌కి 15 డాలర్లు. సాయంత్రం 4 దాటితే ఆ 15 కూడా అడగరు, కానీ 5:30కి మూసేస్తారు కాబట్టి ఆ డబ్బు మిగుల్చుకోవాలని చూడకండి. చక్రాల కుర్చీ ఊరికే ఇచ్చారు. వదినకి అప్పటిదాకా ఉన్న దిగులంతా అక్కడితో పోయింది. లోపలికి అడుగుపెట్టి కిందికి చూస్తే ముందు నల్లటి ఎస్ఆర్-71 గూఢచారి విమానం, దాని వెనక ఇంకో హాల్లో డిస్కవరీ ముక్కు కనిపిస్తాయి. అన్నయ్య ఎస్ఆర్-71 వైపు తలైనా తిప్పలేదు.

డిస్కవరీ తన చక్రాల మీద తనే నిలబడి ఉంది. పొడవు 122 అడుగులు. కడిగి, రంగులేసి కొత్తగా చేయలేదు. 39 సార్లు వెళ్లి, మొత్తం కలిపి 365 రోజులు అంతరిక్షంలో ఉండి, 2011 మార్చిలో చివరిసారి దిగినప్పుడు ఒంటి మీద ఏ మసి ఉందో అదే మసి ఇప్పటికీ ఉంది. తెల్లటి భాగాల మీద గోధుమరంగు చారలు, అడుగున నల్లటి టైల్స్ మీద కాలిన మరకలు. మావారికి అది నచ్చలేదు, "కాస్త శుభ్రం చేసి పెట్టకూడదా" అన్నారు. అన్నయ్యకి కోపమొచ్చింది. "బావా, ఆ మసి కోసమే కదా ఇంత దూరం వచ్చింది" అన్నాడు.

అక్కడ వాలంటీర్లు ఉంటారు, జీతం లేకుండా వచ్చి వివరించే పెద్దవాళ్లు. మాకు దొరికినాయన వయసు డెబ్భై దాటి ఉంటుంది. అన్నయ్య ఇండియాలో లాంచ్ సెంటర్‌లో చేశాడని మా అబ్బాయి చెప్పగానే ఆయన అన్నయ్య చెయ్యి పట్టుకుని మళ్లీ వదల్లేదు. చుట్టూ తిప్పి చూపించాడు. టైల్స్ ఇసుకలోంచి తీసే సిలికా దారాలతో చేసినవట, అందులో తొంభై శాతం గాలే. చేత్తో పట్టుకుంటే థర్మాకోల్ ముక్కలా ఉంటుందట. ఇరవై వేలకు పైగా ఉన్న ఆ టైల్స్‌లో ప్రతిదానికీ సొంత నంబరు, సొంత కొలత ఉన్నాయి. అడుగునున్న వాటి మీద నంబర్లు మాకూ కనిపించాయి. బయట వెయ్యి డిగ్రీలు దాటే వేడి ఉన్నా, లోపలి అల్యూమినియం 177 డిగ్రీలు మించకుండా కాపాడింది అవే.

ఇక అన్నయ్య అడిగిన మొదటి ప్రశ్న, నాకు తెలిసి ఆ హాల్లో మామూలు సందర్శకులెవరూ అడగనిది: "హైడ్రజీన్ ఎలా కడిగారు?" మన పీఎస్ఎల్‌వీ రాకెట్ రెండో దశలో ఆ జాతి ఇంధనమే వాడతారు. తల నుంచి కాలి దాకా మూసేసే సూటు వేసుకుని అన్నయ్య ఏళ్ల తరబడి చేసిన పని అదే. చుక్క పడినా, ఆవిరి పీల్చినా ప్రమాదం. షటిల్ కక్ష్యలో అటూఇటూ తిరగడానికి వాడే చిన్న ఇంజిన్లకూ అదే జాతి ఇంధనం. అలాంటి దాన్ని స్కూలు పిల్లలు తిరిగేచోట ఎలా నిలబెట్టారన్నది అన్నయ్య సందేహం. పెద్దాయన ముఖం వెలిగిపోయింది. ముక్కు దగ్గరున్న భాగాన్నీ, తోక దగ్గరి రెండు దిమ్మల్నీ ఊడదీసి న్యూ మెక్సికోలోని వైట్ శాండ్స్ కేంద్రానికి పంపి, విషపు భాగాలు తీసేసి, కడిగి, తెచ్చి మళ్లీ బిగించారట. వెనకున్న మూడు పెద్ద ఇంజిన్లు కూడా అసలువి కావు. బయటికి కనిపించే గంట ఆకారపు నాజిల్స్ మాత్రం నిజమైనవే, లోపల ఇంజిన్ ఉండదు. అసలు ఇంజిన్లను చంద్రుడి మీదికి పంపే కొత్త రాకెట్ కోసం దాచారు. 2022 నవంబరులో ఆర్టెమిస్-1కి అలా నాలుగు వాడారు, అవి సముద్రంలో కలిసిపోయాయి. అది విని అన్నయ్య చాలాసేపు నాజిల్స్ వైపే చూస్తూ నిలబడ్డాడు. తర్వాత "పని చేసే ఇంజిన్ పని చేయాల్సిందేలే" అన్నాడు.

మధ్యాహ్నం పార్కింగ్‌లో, కారులోనే కోడలు కట్టిచ్చిన పులిహోర తిని మళ్లీ లోపలికి వెళ్లాం. మూసే టైమయిందని మైకులో చెప్పేదాకా బయటికి రాలేదు. ఐదుగురికి కలిపి ఆ రోజు ఖర్చు 15 డాలర్లు.

ఆ ఉత్సాహంతోనే అట్లాంటిస్‌ కూడా చూసేద్దామనుకున్నాం. డల్లస్ నుంచి ఓర్లాండోకి రానూపోనూ మనిషికి 138 డాలర్లు, అక్కడ ఏడు సీట్ల అద్దె కారుకి 164. కెన్నెడీ స్పేస్ సెంటర్ ఓర్లాండో నుంచి గంట దూరం. ఓర్లాండోలో హోటల్, గది రోజుకి 94 డాలర్లు. రెండు గదులు, రెండు రాత్రులు: 376 అని అబ్బాయి లెక్క. రాత్రి పదింటికి కౌంటర్ దగ్గరికి వెళ్తే, అక్కడున్న అమ్మాయి కార్డు గీకి చేతిలో పెట్టిన కాగితం మీద 630 ఉంది. గదికి రోజుకి 38 డాలర్లు "రిసార్ట్ ఫీజు", కారు పార్కింగ్‌కి రోజుకి 18, వీటిలో పార్కింగ్ తప్ప అన్నిటి మీదా పన్ను.

రిసార్ట్ ఫీజు ఎందుకని అడిగితే ఈత కొలను, జిమ్, లోకల్ ఫోన్ కాల్స్ అంది. ఈత కొలను చుట్టూ పసుపు టేపు కట్టి, మరమ్మతులు అని బోర్డు పెట్టి ఉంది. మేం లోపలికి వస్తూనే చూశాం. ఆ మాట చెబితే "ఫీజు ఈత కొలను వాడినందుకు కాదు, హోటల్లో ఉన్నందుకు" అంది, తల ఎత్తకుండానే. మేనేజర్‌ని పిలవమంటే పొద్దున్నే వస్తాడంది. పొద్దున్న వచ్చిన మేనేజర్ "సిస్టమ్‌లో అంతే ఉంది" అని ఇంకో కస్టమర్ వైపు తిరిగాడు. పోనీ గది బాగుందా అంటే, ఏసీ రాత్రంతా గడగడలాడింది, బాత్రూమ్‌లో నీళ్లు దిగలేదు. ఉచిత టిఫిన్ అని రాసినచోట చల్లటి బ్రెడ్డు, కాఫీ. అదీ తొమ్మిదికల్లా ఎత్తేశారు. వదిన నిద్ర లేక, ఆకలితో మాట్లాడటం మానేసింది. మా అబ్బాయి తనే బుక్ చేశానన్న బాధతో ఎవరి ముఖమూ చూడలేదు. తప్పు వాడిది కాదు. తప్పనిసరిగా వసూలు చేసే డబ్బుని ధరలో చూపించకపోవడం మోసం, దానికి ఇంకో పేరు లేదు. మేం వెళ్లొచ్చాక, 2025 మే నుంచి, ఇలాంటి తప్పనిసరి ఫీజులన్నీ కలిపిన ధరే ముందు చూపించాలని అమెరికాలో రూలు వచ్చింది. అయినా పార్కింగ్ విడిగా ఉండొచ్చు, ఫోన్ చేసి అడిగి తీరండి. షటిల్ కోసమే వెళ్లేవాళ్లు ఓర్లాండోలో అసలు గది తీసుకోవద్దు. టైటస్‌విల్‌లో తీసుకోండి, అక్కడినుంచి స్పేస్ సెంటర్ దగ్గర.

అట్లాంటిస్ టికెట్ మేం వెళ్లినప్పుడు మనిషికి 75 డాలర్లు, పైన పన్ను, పార్కింగ్ 15. గుమ్మంలోనే షటిల్‌కి ఇంధనమిచ్చే నారింజ రంగు ట్యాంకు, రెండు బూస్టర్ల నమూనాలు అసలు కొలతల్లో నిలబెట్టారు, ఎత్తు 184 అడుగులు. లోపల ముందు ఒక చిన్న సినిమా వేస్తారు. సినిమా అయిపోగానే తెర పైకి లేస్తుంది, ఎదురుగా నిజం అట్లాంటిస్! ముందురోజు నుంచి మౌనంగా ఉన్న వదిన గట్టిగా చప్పట్లు కొట్టింది.

ఇక్కడ షటిల్ చక్రాల మీద లేదు. నేల నుంచి 30 అడుగుల ఎత్తున, ఒక పక్కకి 43.21 డిగ్రీలు వంచి పెట్టారు. కౌంట్‌డౌన్‌లో నాలుగు, మూడు, రెండు, ఒకటి అన్నట్టు ఆ అంకె ఎంచుకున్నారు. సామాను గది తలుపులు తెరిచి, రోబో చెయ్యి చాచి, కక్ష్యలో ఎగురుతున్నట్టే ఉంటుంది. ఆ తలుపులు బరువే లేని చోట తెరుచుకోవడానికి చేసినవి, నేల మీద తమ బరువు తామే మోయలేవు. అందుకే ఆసరా ఇచ్చి తెరిచి ఉంచారు. అన్నయ్య ముందు ఆసరా తీగలే వెతికి చూశాడు. షటిల్ ఉన్న భవనానికి ఒక గోడ కట్టకుండా ఉంచి, 2012 నవంబరు 2న అట్లాంటిస్‌ని దాదాపు పది మైళ్లు నడిపించుకొచ్చి లోపల పెట్టాకే ఆ గోడ మూశారు. దుమ్ము పడకుండా షటిల్‌ని ప్లాస్టిక్‌తో చుట్టి మిగతా పని చేసి, 2013 జూన్‌లో జనానికి తెరిచారు. మొత్తం ఖర్చు 10 కోట్ల డాలర్లు. పిల్లలకి ఇదే నచ్చుతుంది. ప్రయోగం ఎలా కుదుపుతుందో చూపించే సిమ్యులేటర్ ఉంది, జారుడుబల్ల ఉంది. మావారికి కూడా ఇదే నచ్చింది.

కానీ నన్ను నిలబెట్టేసింది కింద ఉన్న స్మారక గది. చాలెంజర్, కొలంబియా ప్రమాదాల్లో పోయిన 14 మందికి ఒక్కొక్కరికి ఒక అద్దాల పెట్టె, అందులో వాళ్ల వస్తువులు. లోపలికి వెళ్తే అమెరికా జెండా ఉన్న చాలెంజర్ పక్కభాగం, కొలంబియా కాక్‌పిట్ కిటికీల చట్రాలు ఉన్నాయి. అద్దాలు లేని చట్రాలు. కల్పనా చావ్లా పేరు దగ్గర అన్నయ్య ఆగిపోయాడు. 2002 సెప్టెంబరు 12న శ్రీహరికోట నుంచి వెళ్లిన మెట్‌శాట్ వాతావరణ ఉపగ్రహాన్ని మోసిన పీఎస్ఎల్‌వీలో ఇంధనం నింపిన బృందంలో అన్నయ్య ఉన్నాడు. ఐదు నెలలు తిరక్కుండానే కొలంబియా పోయింది. పైకి వెళ్లేటప్పుడు ట్యాంకు నుంచి ఊడిన ఫోమ్ పూత ముక్క ఎడమ రెక్క అంచుకి తగిలి రంధ్రం పడింది, దిగేటప్పుడు ఆ రంధ్రంలోంచి వేడి లోపలికి దూరింది. 2003 ఫిబ్రవరి 5న ప్రధాని వాజ్‌పేయి మెట్‌శాట్ పేరు కల్పన-1గా మార్చారు. అన్నయ్య ఇదంతా అక్కడే నిలబడి మా అబ్బాయికి చెప్పాడు. ఇన్నేళ్లలో మాకెవరికీ చెప్పని సంగతి. మేమంతా కళ్లు తుడుచుకున్నాం. ఈ ఒక్క గది కోసమైనా 75 డాలర్లు ఇస్తాను.

సాయంత్రం టైటస్‌విల్‌లో రాక్ ష్రింప్ అనే రొయ్యలు తిన్నాం. పెంకు రాయిలా గట్టిగా ఉంటుంది, నిలువునా చీల్చి వెన్న రాసి కాలుస్తారు. రెండు డజన్లు 33 డాలర్లు. నెల్లూరు వాళ్లం, రొయ్యల విషయంలో అంత తేలిగ్గా ఒప్పుకోం. వీటికి ఉప్పూ వెన్నా చాలు, మసాలా అక్కర్లేదు. వదిన ఇంకో డజను చెప్పించింది.

రెండూ చూడగలిగితే ముందు డిస్కవరీ, తర్వాత అట్లాంటిస్ చూడండి. మసి, టైల్సూ, నంబర్లూ దగ్గరగా చూశాక అట్లాంటిస్ అలా ఎగురుతూ కనిపిస్తే దాని విలువ తెలుస్తుంది. ఒక్కటే కుదిరితే, పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లకి నా ఓటు డిస్కవరీకే.

అదీ వెంటనే చూడమంటాను, ఎందుకంటే దాన్ని అక్కడినుంచి లేపేయాలన్న ప్రయత్నం జరిగింది. ఒక షటిల్ హ్యూస్టన్‌లో ఉండాలని పట్టుబట్టిన ఇద్దరు టెక్సస్ సెనేటర్లు డిస్కవరీనే కోరారు. 2025 జులైలో సంతకమైన చట్టంలో ఒక అంతరిక్ష నౌకను హ్యూస్టన్‌కి తరలించడానికి 8.5 కోట్ల డాలర్లు కేటాయించారు. మ్యూజియం నడిపే స్మిత్‌సోనియన్ సంస్థ మాత్రం, ముక్కలుగా విడదీయకుండా తరలించడం కుదరదని అభ్యంతరం చెప్పింది. 2012 ఏప్రిల్ 17న డిస్కవరీ ప్రత్యేకంగా మార్చిన 747 విమానం వీపు మీద ఎక్కి వాషింగ్టన్ చుట్టూ తిరిగి డల్లస్‌లో దిగింది. అలాంటి 747లు రెండే ఉండేవి, రెండూ రిటైరయ్యాయి. ఒకటి ఇప్పుడు హ్యూస్టన్‌లోనే, వీపు మీద నమూనా షటిల్‌తో సందర్శకులకు పెట్టారు. ఈ వార్త ఫోన్లో చెబితే అన్నయ్య మండిపడ్డాడు. "టైల్ ఒకటి పీకితే దాని కింద జిగురు, ఫెల్టు అన్నీ పోతాయి. మళ్లీ ఎవడు అతికిస్తాడు? అతికించినా అది డిస్కవరీ అవుతుందా?" అన్నాడు. నాదీ అదే మాట.

వర్జీనియాలో పిల్లలున్నవాళ్లు ఈసారి వెళ్లినప్పుడు వాయిదా వేయకండి. శనాదివారాలు వద్దు, స్కూలు బస్సులు దిగకముందే, పొద్దున 10కి తలుపులు తీసే వేళకి వెళ్లండి. వాలంటీర్లు అప్పుడు తీరిగ్గా ఉంటారు. ఏం అడగాలో ఇంటి దగ్గరే అనుకుని వెళ్తే ఇంకా మంచిది.